భోషాణంలో మూడు వేళ్ళు

శృంగవరపుకోట,
8 జూన్ 2025, ఆదివారం

ఒరే బెన్హర్,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. నీకు ఎడమ చెవి ఎలాగూ వినపడదు, కుడి చెవికి స్పీకరు పెడితే తప్ప ఆనదు. నువ్వు స్పీకరు పెట్టావంటే నా మాట నీకంటే ముందు అమ్మకు వినిపిస్తుంది. వాట్సాప్‌లో రాద్దామంటే నీ ఫోను సగం రోజు అమ్మ చేతిలోనే ఉంటుంది, పాటలు వింటూ. అందుకే ఇంటికి కాకుండా నీ ఫొటో స్టూడియోకి రాస్తున్నాను. చదివి చింపెయ్.

నిన్న ఆసుపత్రిలో మా చిన్న నర్సు గౌతమి వచ్చి, "మేడమ్, మీ కోటబొమ్మాళిలో తీస్తన్న సినిమా అంట, సూడండి" అని ఫోన్లో ఒక ముక్క చూపించింది. టీజరట. నిమిషం కూడా లేదు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఒక భోషాణం మీద కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ నవ్వుతోంది. ఎక్కడో రైలు కూత. భోషాణం మూలన పందికొక్కు కొరికిన కన్నంలోంచి పసివాడి వేళ్ళు బయటికి వచ్చాయి. మూడు వేళ్ళు. నా చేతిలో బీపీ మిషను ఉంది. దాన్ని కింద పడెయ్యకుండా టేబులు మీద పెట్టడమే నేను చేసిన గొప్ప పని.

ఆ భోషాణం మనది. మూత మీద నాన్న రైల్వే తెల్ల పెయింటుతో రాసిన "జేమ్స్" అన్న పేరు కూడా చెరపకుండా అలాగే ఉంచారు. పెట్టె ఎలా వెళ్ళిందో అడగను. నీ స్టూడియోలో ఉండేది, నువ్వే ఇచ్చి ఉంటావు. కథ ఎలా వెళ్ళింది? అది చెప్పు. ఆ రోజు జరిగింది ఈ లోకంలో ముగ్గురికే తెలుసు. అమ్మ చెప్పదు. నేను చెప్పలేదు. ఇక మిగిలింది ఎవరో నేను వేలు పెట్టి చూపించక్కర్లేదు. పసితనంలో జరిగినదైనా నీకు గుర్తుండే ఉంటుంది.

సినిమావాళ్ళు ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ స్టూడియో మూసేసి వాళ్ళ వెనకాలే తిరుగుతున్నావని నీ పెళ్ళాం షీబా చెప్పింది. తెర మీద కాసేపు కనిపిస్తావంటే ఇంటి గుట్టు రట్టు చేసేస్తావా? నీ సినిమా పిచ్చి నాకు తెలియనిదా?

అమ్మ సంగతి ఒక్కసారైనా ఆలోచించావా? నాన్న పోయాక అమ్మకు మనసు చెడి ఐదు నెలలు విశాఖపట్నం ఆసుపత్రిలో ఉందని నీకు తెలుసు. తిరిగొచ్చాక ఆమెను చూస్తే వీధి పిల్లలు పరిగెత్తేవారు. ఇవాళ అదే ఊళ్ళో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. చర్చి అలమరా తాళాలు ఆమె కొంగునే ఉంటాయి. "పిచ్చిది" అన్న మాట ఊరి నోట్లోంచి పోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు. ఈ సినిమా అమ్మ కథేనని తెలిసిందంటే ఆ చూపులు మళ్ళీ మొదలవుతాయి. ఆ చూపులకే మనిషి మళ్ళీ పడిపోతుంది. నేను నర్సుని, అలా పడిపోయినవాళ్ళను చూశాను. డెబ్భై రెండేళ్ళ మనిషిని మళ్ళీ ఆ స్థితిలో చూడలేను.

తోడబుట్టిన అప్పగా అడుగుతున్నాను. నిజం రాయి.

గ్లోరీ

*

కోటబొమ్మాళి,
17 జూన్

అప్పకు,

నీ ఉత్తరం చింపలేదు. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి మాత్రం ఏదోలా అనిపించింది.

భోషాణం నేనే ఇచ్చాను. పాత పెట్టె కావాలని ఆ డైరెక్టరు కుర్రాడు దీక్షిత్ ఊరంతా తిరిగాడు. విజయనగరం పిల్లాడే, మర్యాదస్తుడు. స్టూడియోలో పరదాలు దాచుకునే మన భోషాణాన్ని చూసి, "అన్నా, ఇదే" అన్నాడు. ఇచ్చాను. నా వేషం సంగతి కూడా దాచను. స్టేషను సీనులో పచ్చజెండా ఊపేది నేనే. వెనకనుంచి తీశారు, వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ వీపు కోసం ఇంటి గుట్టు అమ్ముకుంటానా?

అయినా గుట్టు ఏమిటి? నేను ఐదేళ్ళప్పుడు దాగుడుమూతలాడుతూ భోషాణంలో దూరి నిద్రపోయానని, మూత పడిపోయిందని, నువ్వు బడినుంచి వచ్చి తీశావని కదా నాకు చెప్పావు? ఆ కథ నేనే వందమందికి చెప్పాను, నవ్వించడానికి. దీక్షిత్‌కి కూడా చెప్పే ఉంటాను. అందులో అమ్మకు ఏం పని? టీజర్లో ఆ ఆడమనిషి మూత మీద ఎందుకు కూర్చుంది? నువ్వు "ఆ రోజు జరిగింది" అని రాశావు. ఏం జరిగింది అప్పా?

నాకు ఇంకొకటి గుర్తొస్తోంది. నేను సినిమా హాల్లో ఆపరేటరుగా ఉన్న రోజుల్లో అమ్మ హాలు గుమ్మం తొక్కేది కాదు, చర్చివాళ్ళు చూస్తారని. కానీ నాకు అన్నం క్యారేజీ తెచ్చి, పైన ప్రొజెక్టరు గదిలో స్టూలు మీద కూర్చుని, చిన్న కిటికీలోంచి సగం సినిమా చూసేది. ఎవరైనా అడిగితే "నాను సినిమాకెల్లలేదు, కొడుక్కి కూడెట్టడానికెల్లాను" అనేది. ఎన్ని సినిమాల్లో పిచ్చివాళ్ళు! రాళ్ళు విసిరితే పరిగెత్తేవాళ్ళు, తలకు దెబ్బ తగిలితే బాగైపోయేవాళ్ళు, ఆసుపత్రిలో గుంపుగా చేరి పాట పాడేవాళ్ళు. హాలంతా ఈలలు. ఆ సీను రాగానే అమ్మ క్యారేజీ సర్దుకుని మెట్లు దిగిపోయేది. సినిమా చూడటం పాపమని గుర్తొచ్చి వెళ్ళిపోతోంది అనుకునేవాణ్ణి. నీ ఉత్తరం చదివాక అలా అనిపించడం లేదు.

ఇంకో మాట. నువ్వు అమ్మను చూడ్డానికి వచ్చినప్పుడల్లా సాయంత్రం పాసింజరుకి వెళ్ళిపోతావు. నాకు బుద్ధి తెలిశాక నువ్వు మనింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. నా పెళ్ళినాడు కూడా డ్యూటీ ఉందన్నావు. నన్ను నిజం రాయమన్నావు కదా. ముందు నువ్వు రాయి.

బెన్హర్

*

శృంగవరపుకోట,
26 జూన్

బెన్హర్‌కి,

నటన బాగానే నేర్చావు. నీకు నిజంగా తెలియకపోతే నేనే నోరు జారినట్టు. తెలిసి అడుగుతుంటే నా నోట్లోంచి మిగతాది లాగడానికి అడుగుతున్నట్టు. ఏదైనా నాకు మంచిది కాదు. ఏదో కంగారులో రాశాననుకుని ఆ మాట వదిలెయ్.

కానీ ఒకటి అడుగుతాను. నువ్వు వందమందికి చెప్పిన దాగుడుమూతల కథలో రైలు కూత ఉందా? లేదు. టీజర్లో ఉంది. లేనిది ఎక్కడినుంచి వచ్చింది? ఎవరో కావాలని ఆ కుర్రాడికి చెప్పారు. దీక్షిత్ మర్యాదస్తుడన్నావు. మర్యాదస్తులే లోపల్లోపల కూపీలు లాగుతారు. అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంటున్నాడా? నువ్వు లేనప్పుడు ఇంటికి వస్తున్నాడేమో షీబాని అడుగు.

ఆ నవ్వు ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో మతి చెదిరినవాళ్ళను ఎంతోమందిని చూశాను. ఒక్కరూ అలా పళ్ళు బయటపెట్టి నవ్వలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. తోమిన గిన్నెనే తోముతారు. అమ్మ ఆ రోజుల్లో కూడా పొద్దున్నే తలకు నూనె రాసి జడ వేసుకునేది, ఒక్క వెంట్రుక రేగనిచ్చేది కాదు. సినిమావాళ్ళకు జుట్టు విప్పితేనే పిచ్చి. చూశావా, వద్దనుకుంటూనే మళ్ళీ రాసేశాను.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఆ కుర్రాణ్ణి నిలదీసి కథ ఎవరిచ్చారో అడుగు. భోషాణం వెనక్కి తెచ్చెయ్. అమ్మను షూటింగు దరిదాపులకు వెళ్ళనివ్వకు.

రాత్రి పడుకోని సంగతి రాశావు. నాకు డ్యూటీలుంటాయి. అంతకు మించి ఏమీ లేదు.

గ్లోరీ

*

కోటబొమ్మాళి,
14 జూలై

అప్పకు,

దీక్షిత్‌ని అడిగాను. ఇప్పుడు చర్చి పక్కన పాత మిషనరీ బంగళాలో ఆఖరి షెడ్యూలు తీస్తున్నారు. టీ తాగుతుంటే పక్కకు పిలిచి నిలదీశాను.

"ఆ కథ నాను కల్పించలేదన్నా. ఒక పాత పేజీలో దొరికింది. రాసినోలు పేరెట్టలేదు. నాకిచ్చినోల పేరు సెప్పనని మాటిచ్చాను" అన్నాడు.

"రాత ఎలాగున్నాది?" అన్నాను.

"ముత్యాలన్నా. అచ్చు పుస్తకం సూసినట్టే ఉన్నాది."

అప్పా, మనింట్లో నా రాత కోడి కెలికినట్టుంటుంది. అమ్మ పెద్దయ్యాక రాత్రిబడిలో నేర్చుకుంది, ఒక్కో అక్షరం గుమ్మడికాయంత రాస్తుంది. ఆదివారపు బడిలో వాక్యాలు అందంగా రాసినందుకు ఏటా బహుమతి ఎవరికి వచ్చేది? నీకు. నన్ను దొంగని చేసి ఉత్తరం రాశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది ఎవరో నాకిప్పుడు అర్థమవుతోంది. నువ్వే రాసిచ్చి, నాకు తెలిస్తే గొడవని ముందుగానే నా మీదకి తోశావా?

అమ్మను ఆపడం నా వల్ల కాలేదు. బంగళా తాళం కూడా ఆమె దగ్గరే ఉంటుంది. రోజూ పొద్దున్నే తాళం తీసి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మొన్న ఒక సీను తీశారు. బడి యూనిఫారంలో ఒక పిల్ల పరిగెత్తుకుని వచ్చి, భోషాణం మీద కూర్చున్న ఆడమనిషిని రెండు చేతులతో తోసేస్తుంది. ఆమె నుదురు గొళ్ళేనికి కొట్టుకుని రక్తం వస్తుంది. ఎడమ కనుబొమ్మ మీద. అమ్మకు మచ్చ ఉన్నచోటే. అమ్మకు ఆ మచ్చ నూతి గట్టు మీద పడితే అయిందని కదా మనం అందరికీ చెప్పాం?

నేను అమ్మ ముఖమే చూస్తున్నాను. ఏడుస్తుందేమో, పడిపోతుందేమో అని. అమ్మ లేచి దీక్షిత్ దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ పిల్ల కోపంగా తోస్తన్నాదేటి? ఏడుస్తా తోసింది. అలాగ తియ్యి" అంది.

అమ్మ అక్కడితో ఆగలేదు. భోషాణం మీద కూర్చునే వేషం వేసిన అమ్మాయి దగ్గర కూర్చుని, "ఏటే ఈ జుట్టు? మనసు బాగోలేపోతే మాత్రం తల దువ్వుకోరేటి?" అని, నూనె తెప్పించి, ఆ అమ్మాయికి చిక్కులు తీసి జడ వేసింది. మేకప్ మనిషి లబోదిబోమన్నాడు. దీక్షిత్ చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు.

"ఏడుస్తా తోసింది" అని అమ్మకెలా తెలుసు? ఆ పిల్ల ఎవరు? ఇంక దాచకు. నేను పసివాణ్ణి కాను, నలభై రెండేళ్ళున్నాయి. ఆ పెట్టెలో ఉన్నది నేను. నా కథ నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది.

బెన్హర్

*

శృంగవరపుకోట,
27 జూలై, ఆదివారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఈ రోజు చర్చికి వెళ్ళకుండా కూర్చుని రాస్తున్నాను.

నాన్న గ్యాంగ్‌మన్. పట్టాల మీద పని చేస్తుంటే వెనకనుంచి బండి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు అమ్మ బాగానే ఉంది. అంటే ఏడవలేదు. ఇల్లు తుడిచి, వంట చేసి, మన ఇద్దరికీ తల దువ్వేది. ఒక్కటే తేడా. రైలు కూత వినపడితే చాలు, నిన్ను ఎత్తుకుని భోషాణంలో పెట్టి, మూత వేసి, దాని మీద కూర్చునేది. "ఆయన్ని అట్టుకుపోయింది. ఈడికోసం తిరుగుతన్నాది" అనేది. బండి పోగానే నిన్ను తీసి ముద్దు పెట్టుకుని అన్నం పెట్టేది. నువ్వు అదో ఆటనుకుని నవ్వేవాడివి. నాకు పద్నాలుగేళ్ళు. ఎవరికైనా చెబితే అమ్మను పిచ్చిదంటారని చెప్పలేదు. బండి పోయేది రెండు నిమిషాలే కదా అనుకున్నాను.

ఆగస్టులో ఒక గురువారం గూడ్సు బండి ఒకటి ఔటర్ సిగ్నలు దగ్గర ఆగిపోయింది. ఏం చెడిందో తెలియదు, మధ్యాహ్నం నుంచీ అక్కడే నిలబడి ఉండుండి కూత వేస్తోంది. బండి కదల్లేదు, అమ్మ లేవలేదు. నేను బడినుంచి వచ్చేసరికి నాలుగున్నర. అమ్మ మూత మీద కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా. కన్నంలోంచి నీ వేళ్ళు మూడు కనిపిస్తున్నాయి. కదలడం లేదు. లేవమన్నాను. "బండి ఇంకా ఎల్లలేదే" అంది. కాళ్ళు పట్టుకున్నాను. లేవలేదు. రెండు చేతులతో తోశాను. అవును, ఏడుస్తూనే తోశాను. అమ్మ గొళ్ళెం మీద పడింది. నేను ఆమె వైపు చూడలేదు, నిన్ను బయటికి లాగాను. చెమటకు తడిసి ముద్దయ్యావు, కళ్ళు తేలేశావు. నీళ్ళు కొట్టాక ఏడ్చావు.

అమ్మ రక్తం తుడుచుకోలేదు. "బండి ఎల్లిపోయిందేటే?" అని అడిగింది. అంతే అడిగింది.

ఆ రోజునుంచీ అమ్మ పడుకున్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు. డ్యూటీలు అబద్ధం. ఆమె నిన్ను చంపబోయిందని భయం, నేను ఆమెను చంపబోయానని భయం. ఏది ఎక్కువో ఈ వయసొచ్చినా తేల్చుకోలేకపోయాను. వేలమంది రోగుల పక్కన రాత్రంతా కూర్చున్నదాన్ని, కన్నతల్లి పక్కన పడుకోలేను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తర్వాతి వారమే చర్చి పెద్దలు వచ్చి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళకెలా తెలిసిందో తెలియదు, నుదుటి గాయం చూసి అనుమానపడి ఉంటారు. నిన్ను మన చర్చి జగ్గమ్మ గారు తనింట్లో ఉంచుకుంది, నన్ను హాస్టల్లో వేశారు. నూతి గట్టు కథ నాది. దాగుడుమూతల కథా నాదే. నువ్వు అమ్మను చూసి భయపడకూడదని అల్లాను. నువ్వు భయపడలేదు, అది మాత్రం నాకు దక్కింది.

కానీ ఆ కుర్రాడికి రాసిచ్చింది నేను కాదు. నమ్ము, నమ్మకపో. ఆ రోజు సంగతి నేను దేవునికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

గ్లోరీ

*

కోటబొమ్మాళి,
12 ఆగస్టు

అప్పా,

నీ ఉత్తరం స్టూడియో తలుపులు వేసుకుని చదివాను. నన్ను పెట్టెలో పెట్టిన మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నీ మీద తెచ్చుకుందామన్నా రాలేదు. ఊరికే ఏడుపొచ్చింది.

తర్వాత ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. దేవునికి తప్ప ఎవరికీ చెప్పలేదన్నావు. దేవునికి ఎలా చెప్పావు అప్పా? నువ్వు హాస్టలుకి వెళ్ళిపోయి మన చర్చి పద్ధతి మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. మన చర్చిలో నోటితో చెప్పలేనిది ఉంటే ప్రార్థన మనవుల పుస్తకంలో రాస్తారు. మూడు గడులు. తేదీ, మనవి, జవాబు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళు వాటిని పైకి చదివి ప్రార్థన చేస్తారు. మనవి నెరవేరితే జవాబు గడిలో తేదీ వేస్తారు. నెరవేరనిదాన్ని ఏటా జనవరిలో కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తారు.

ఇంటికెళ్ళి అమ్మను అలమరా తాళం అడిగాను. అమ్మ నా ముఖంలోకి చూసి, "ఇన్నాల్లకడిగావేటి" అని కొంగు ముడి విప్పి ఇచ్చింది. తనూ వెంట వచ్చింది. నాకు ఐదేళ్ళప్పటి, ఎనభై ఎనిమిదో సంవత్సరం పుస్తకం పైనే ఉంది, దీక్షిత్ తిరిగి ఇచ్చేశాడట. ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"12-8-88. మనవి: మా అమ్మ రైలు కూత వినపడితే తమ్ముణ్ణి భోషాణంలో దాస్తోంది. నిన్న బండి పోలేదు. తమ్ముడి వేళ్ళు మూడు కనిపించాయి. నేను అమ్మను తోసేశాను, నుదురు పగిలింది. నన్ను క్షమించు. అమ్మను చూస్తే భయంగా ఉంది. అమ్మను బాగుచెయ్యి ప్రభువా. ఇట్లు, ఒక కుమార్తె."

పేరు లేదు. అచ్చు పుస్తకంలాంటి రాత. జవాబు గడిలో ఎవరో ఎర్ర సిరాతో, "జవాబు దొరికినది, స్తోత్రం" అని అమ్మ ఆసుపత్రినుంచి వచ్చిన నెల వేశారు.

దాని కింద ఖాళీలో, గుమ్మడికాయలంత అక్షరాలు. అమ్మ రాత్రిబడిలో నేర్చుకున్న కొత్తలో రాసి ఉంటుంది. "నా కూతురికి నన్ను చూస్తే ఉన్న భయం ఇంకా పోలేదు. ఆ భయం తీసెయ్యి ప్రభువా." జవాబు గడి ఖాళీ.

నేను మిగతా పుస్తకాలు కూడా తీశాను అప్పా. తొంభై రెండునుంచి ఈ ఏడు దాకా ప్రతి పుస్తకంలో మొదటి పేజీలో మొదటి మనవి అదే. ముప్పై నాలుగు పుస్తకాలు. అన్నిట్లోనూ జవాబు గడి ఖాళీయే. అక్షరాలు మాత్రం ఏటేటా కొంచెం చిన్నవవుతూ వచ్చాయి.

"దీక్షిత్‌కి పుస్తకం నువ్వే ఇచ్చావా?" అని అడిగాను.

"నానే ఇచ్చాను. పాత సంగతులేటైనా ఉంటే ఇమ్మన్నాడు. ఇది సదువు బాబూ అన్నాను."

"ఎందుకే అమ్మా? ఊరంతా తెలిసిపోదా?"

"అలమరాలో ఎట్టి తాలమేస్తే ఇన్నేల్లయినా జవాబు రాలేదు కదరా. బయటికెల్తే వస్తాదేమోనని ఇచ్చాను. సినిమా అంటే అది కూడా సూస్తాది కదా" అంది. మళ్ళీ తనే, "దానికి సెప్పకు. సిగ్గుపడతాది" అంది.

చెప్పకుండా ఎలా ఉంటాను?

ఇక ఊరి సంగతి. నువ్వు భయపడింది అదే కదా. అలమరా దగ్గర మేమిద్దరం కూర్చుని ఉంటే జగ్గమ్మ గారు చేతికర్ర పట్టుకుని వచ్చింది. ఎనభై ఆరేళ్ళు. పుస్తకం చూసి, "దీని కోసం ఇంత గుట్టేటిరా? ఆ శుక్రవారం దీన్ని పైకి సదివింది నానే. రాతను బట్టే గ్లోరీ రాసిందని అందరం పోల్చుకున్నాం. ఆ పిల్ల రాసిందాన్ని బట్టే మీయమ్మని ఆసుపత్రికి పంపించాం. మాకు తెలీదేటి?" అంది. ఆ రోజు ప్రార్థనలో ఉన్న ఆడవాళ్ళే అప్పా, తర్వాత అమ్మను స్త్రీల సమాజానికి పెద్దగా ఎన్నుకున్నది. తెలిసే ఎన్నుకున్నారు. మనమిద్దరం ఎవరి దగ్గర దాస్తున్నామో నాకు అర్థం కాలేదు.

దీక్షిత్ ఆ టీజరును ఇంటర్నెట్‌లోంచి తీసేశాడు. ఆ సీను జడతోనే మళ్ళీ తీస్తున్నాడు. నవ్వు లేదు. "నాను నవ్వలేదు బాబూ, బండెప్పుడెల్తాదా అని సూసేదాన్ని" అని అమ్మ చెప్పాక ఆ వేషం వేసిన అమ్మాయి అలా కూర్చుంది చూడు, నేను ప్రొజెక్టరు గదిలోంచి ఇన్ని సినిమాలు చూశాను గానీ నాకు ఎప్పుడూ అలా భయం వెయ్యలేదు, అంత జాలీ వెయ్యలేదు. ఆ సీను అయ్యేదాకా అమ్మ లేచి వెళ్ళిపోలేదు.

నిన్ను అనుమానించాను. తప్పయిపోయింది.

బెన్హర్

*

శృంగవరపుకోట,
19 ఆగస్టు

తమ్ముడూ,

ముందు నిన్ను దొంగన్నందుకు నన్ను క్షమించు. దొంగ ఇంట్లోనే ఉందనుకున్నాను, అది మాత్రం తప్పు కాలేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాసి, నేనే మర్చిపోయి, నిన్ను పట్టుకుని నిలదీశాను.

అమ్మను ఆసుపత్రికి పంపించింది నా రాతేనని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ సంగతి అమ్మకు ఎప్పుడో తెలుసు. తెలిసి కూడా, నేను వెళ్ళినప్పుడల్లా పాసింజరు టైముకి అరగంట ముందే అన్నం పెట్టేసి, "బేగెల్లవే, బండి తప్పిపోద్ది" అని తనే నన్ను పంపించేది. నన్ను వదిలించుకుంటోంది అనుకునేదాన్ని. అది కూడా అనుమానమే. నా భయం నా నోటితో చెప్పించకుండా కాపాడిందని ఇప్పుడు తెలిసింది. ముప్పై నాలుగు పుస్తకాలు రా బెన్హర్. నిన్నంతా వార్డులో ఆ లెక్కే నా బుర్రలో తిరిగింది. గౌతమి రెండుసార్లు వచ్చి ఒంట్లో బాగుందా మేడమ్ అని అడిగింది.

శనివారం మధ్యాహ్నానికి వస్తున్నాను. సోమవారం దాకా సెలవు రాసిచ్చాను. సాయంత్రం పాసింజరు గురించి అమ్మ తొందరపెడితే ఈసారి నువ్వు అడ్డం పడు. అమ్మ మంచం పక్కన నాకు చాప వెయ్యి. భోషాణం వెనక్కి వచ్చేసి ఉంటే దాన్ని ఇంట్లోకి తేవద్దు, స్టూడియోలోనే ఉంచు. నాకు ఇంకా అంత ధైర్యం లేదు.

ఆదివారం పొద్దున్న చర్చిలో ఈ ఏటి పుస్తకం నా చేతికివ్వమని అమ్మతో చెప్పు. జవాబు గడిలో తేదీ నేనే వేస్తాను. కాకపోతే దేవుని పుస్తకంలో అబద్ధం రాయకూడదు కదా. శనివారం రాత్రి రైళ్ళు కూస్తుంటే అమ్మ పక్కన నాకు నిద్ర పడితేనే వేస్తాను. పట్టకపోతే ఆదివారం కూడా అక్కడే పడుకుంటాను. అప్పటికీ పట్టకపోతే సెలవు పెంచుకుంటాను.

ఈ ఉత్తరం చింపొద్దు. ఇంటికి తీసుకెళ్ళి, అమ్మ ముందు కూర్చుని, గట్టిగా చదువు.

నీ అప్ప,
గ్లోరీ